తుమ్మని కోళ్ళు

ఫ్లూ వైరస్ మీద పరిశోధన జరిగే ఆ భవనంలో మూడు అంతస్తులు, నలభైమంది మనుషులు, పదకొండు ఫ్రిజ్‌లు ఉన్నాయి. ఇదంతా నడిచేది కోడి పుణ్యాన అంటే ఎవరూ ఒప్పుకోరు. గుడ్లత్త మాత్రం రోజుకు ఒక్కసారైనా ఆ మాట అనకుండా ఇంటికి వెళ్ళదు.

"మీరు లేకపోయినా వైరస్ బతుకుతుంది. కోడి గుడ్డు పెట్టడం మానేస్తే మీరే బతకరు," అంటుంది డాక్టర్ల మొహం మీదే.

ఆమెకు ఆ పేరు ఉత్తినే రాలేదు. కింది అంతస్తులో కిటికీ లేని చిన్న గది ఆమెది. అందులో ఒక బల్ల, ఒక ఎత్తుపీట, చిల్లు పెట్టిన డబ్బాలో ఒక దీపం. పొదిగే పెట్టెలో పది రోజులు వెచ్చగా పడుకున్న గుడ్లను ఒక్కొక్కటే తెచ్చి ఆ చిల్లుకు ఆనిస్తుంది. గుడ్డు ఎర్రగా వెలుగుతుంది. లోపల సన్నటి నరాలు అల్లుకుని ఉంటాయి, నల్లటి చుక్క ఒకటి గంతులేస్తుంటుంది. గంతులేస్తే పైకి, గంతులేయకపోతే చెత్తలోకి. గాలి ఉండే చోట పెన్సిల్‌తో గీత గీసి గుడ్లను పై అంతస్తుకు పంపుతుంది. అక్కడ మాస్కులు, గ్లవుజులు వేసుకున్న పిల్లలు గీత దగ్గర చిన్న చిల్లు పొడిచి, సూదితో వైరస్‌ను లోపలికి పంపి, మైనంతో మూసేస్తారు. రెండు రోజుల్లో ఆ ఒక్క గుడ్డులో వైరస్ కోట్లకు కోట్లు పుట్టుకొస్తుంది.

పద్నాలుగేళ్ళలో తన చేతిలో ఒక్క గుడ్డూ పగల్లేదంటుంది గుడ్లత్త. పగిలినవి లేకపోలేదు. అవి వాటంతటవే పగిలాయని ఆమె వాదన.

ల్యాబ్ పెద్దాయనకు వెనకాల ఉన్న పేరు హాచ్చిగారు. ఉపన్యాసం ఇచ్చేటప్పుడు ఫ్లూ ఎలా పాకుతుందో చూపించడానికి వేదిక మీద పెద్దగా తుమ్మి చూపిస్తాడు. మొదటి వరుసలో వాళ్ళు ఉలిక్కిపడతారు. ఆయనకు అదొక తృప్తి. పదేళ్ళుగా ఆయన గుడ్డు ముట్టుకున్నది పొద్దున ఫలహారం బల్ల దగ్గరే.

ఆయన కింద చదువుకునే పిల్లల్లో ఒకతె బక్కపిల్ల. గాలొస్తే తలుపు పట్టుకుని నిలబడాల్సిన శరీరం. నాలుగేళ్ళుగా ఒకటే పని చేస్తోంది. ఒక వైరస్‌ను గుడ్డు నుంచి గుడ్డుకు పదిసార్లు మార్చడం. ఒక వరుస గుడ్లలో వైరస్‌తో పాటు ఫ్లూకు వాడే పాత మందు ఒకటి వేస్తుంది. రెండో వరుసలో మందు వేయదు. మందున్న వరుసలో వైరస్ ఎన్నో మార్పుకు మందును లెక్కచేయడం మానేస్తుందో చూడాలి. మందు లేని వరుస ఉత్త సాక్షి. అందులో వైరస్ మొదటి రోజు ఎంత పిరికిదో పదో మార్పుకూ అంతే పిరికిదిగా ఉండాలి.

ఇది మొదటిసారి విన్నప్పుడు గుడ్లత్త తన పద్ధతిలో అర్థం చేసుకుంది. "తెలిసింది పిల్లా. అత్త కేకలేస్తే కొత్త కోడలు వణికిపోతుంది. నాలుగు నెలలకు అలవాటు పడి పాట పాడుకుంటూ పని చేసుకుంటుంది. అంతే కదా?"

"కాదత్తా," అంది బక్కపిల్ల. "ఒకే కోడలు నేర్చుకోవడం కాదు. వెయ్యిమంది కోడళ్ళుంటే అందులో పుట్టుకతోనే చెవుడున్నది ఒకతె ఉంటుంది. అత్త కేకలకు మిగతా వాళ్ళంతా పుట్టింటికి పోతారు. ఇల్లంతా ఆ చెవిటిదాని పిల్లలే మిగుల్తారు."

"మరి అత్త లేని ఇంట్లో?"

"అక్కడ అందరూ ఉంటారు. చెవిటిది వెయ్యిలో ఒకతెగానే ఉండిపోతుంది."

ఈ పోలిక గుడ్లత్తకు ఎంత నచ్చిందంటే, ఆ ఆదివారమే తమ్ముడింటికి వెళ్ళి కోళ్ళ షెడ్డులో నిలబడి మొత్తం అప్పజెప్పింది. తమ్ముడే ఆ ల్యాబ్‌కు గుడ్లు ఇస్తాడు. ఇప్పించింది అక్కే. మందు పేరుతో సహా చెప్పింది. "ఆ మందు చూస్తే ఫ్లూ వైరస్ తోక ముడవాల్సిందే రా," అని ఎవరో తన చుట్టం గురించి చెప్పుకున్నట్టు చెప్పింది. ఆ చెవిటిదాని సంగతి కూడా చెప్పింది గానీ, అప్పటికి తమ్ముడు దాణా బస్తా మోస్తున్నాడు, సగమే విన్నాడు.

ఆ తర్వాత ఏడు నెలలకు గుడ్డు పేలింది.

బక్కపిల్ల సాక్షి వరుస, అంటే చుక్క మందు ఎరగని వరుస, ఆరో మార్పుకే మందును లెక్కచేయడం మానేసింది. అత్త లేని ఇంట్లో అందరూ చెవిటివాళ్ళయిపోయారు. బక్కపిల్ల భయపడి మళ్ళీ మొదటి నుంచి చేసింది. మళ్ళీ అదే. భయపడుతూనే హాచ్చిగారికి చూపించింది.

హాచ్చిగారు కుర్చీలోంచి లేచాడు. కిటికీ దగ్గరకు వెళ్ళాడు. బయట చెత్తబండి తప్ప ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు.

"మందు లేకుండానే మందుకు ఎదురు తిరిగే వైరస్," అన్నాడు మెల్లగా. "దీనికి లోపల్నించే ఏదో ప్రేరణ ఉంది. ఈ సంగతి కనిపెట్టింది..." అని ఆగి, బక్కపిల్ల వైపు చూసి, "మనం," అన్నాడు.

ఆ సాయంత్రం కేకు కోశారు. కేకులో కూడా గుడ్లున్నాయని గుడ్లత్త గుర్తుచేసింది. రెండు వారాల్లో హాచ్చిగారు మూడు చోట్ల ఉపన్యాసాలు ఖాయం చేసుకున్నాడు. నడకలో కూడా తేడా వచ్చింది. ఇదివరకు మెట్లెక్కేవాడు, ఇప్పుడు మెట్లే తనను మోసుకెళ్ళాలన్నట్టు ఎక్కుతున్నాడు.

ఆ ముచ్చట నెల రోజులు. తర్వాత వేరే నగరంలో ఉన్న ఇంకో ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ల్యాబ్ నడిపేది ఒక పెద్దావిడ, మాట తూచి మాట్లాడే మనిషి. అదే వైరస్‌ను అదే పద్ధతిలో తమ గుడ్లలో పదిసార్లు మార్చామని, సాక్షి వరుసలో వైరస్ చివరిదాకా మందుకు లొంగుతూనే ఉందని, ఒకటి కాదు మూడు సాక్షి వరుసలు పక్కపక్కనే పెట్టి చూశామని రాసింది. చివర్లో 'మీ కొత్త సంగతి చాలా ఆసక్తిగా ఉంది' అని కూడా రాసింది. అంత మర్యాదగా రాసిందంటే లోపల ఎంత నవ్వుకుందో తెలిసిపోతూనే ఉంది.

ఆ ఉత్తరం చదివిన గంటలో 'మనం' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"నువ్వు సాక్షి గుడ్లలో కూడా మందు పొడిచావు," అన్నాడు హాచ్చిగారు, గది తలుపు తీసి ఉండగానే. "సూది మార్చలేదు. లేదా సీసాలు తారుమారు చేశావు. లేదా..." అని ఆగాడు. ఆ ఆగడమే పెద్ద దెబ్బ. కావాలనే చేశావు అన్నట్టు.

"లేదు సార్. మందు సీసా ఒక బల్ల మీద, సాక్షి గుడ్లు ఇంకో గదిలో..."

"వచ్చే శుక్రవారం పొద్దున ఆవిడ వీడియోలో తెర మీదకి వస్తుంది. ఆవిడ ముందు కారణం చెప్పు. చెప్పలేకపోతే నీ చేతి తప్పు అని నేనే చెప్తాను. ఇక నా ల్యాబ్‌లో నీకు పని లేదు. నాలుగేళ్ళు పోతే పోయాయి."

అప్పుడే గుడ్ల అట్టలు మోసుకుంటూ వస్తున్న గుడ్లత్త ఈ మాటలన్నీ వింది. తలుపు తీసి ఉంటే వినకపోవడం మర్యాద కాదని ఆమె నమ్మకం. బక్కపిల్ల బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. చేతి గ్లవుజులు తీసి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ తీసింది.

"ఏడుపు రాకపోతే టీ తాగు," అంది గుడ్లత్త. "రెండిటికీ పనికొచ్చేది అదే."

"నేను మందు కలపలేదత్తా."

"కలపలేదని నాకు తెలుసు. నువ్వు టీలో చక్కెర వేసేటప్పుడే నాలుగుసార్లు లెక్కపెట్టుకుంటావు."

ఇదంతా జరిగింది కూడా ఒక శుక్రవారమే. అంటే చేతిలో ఉన్నది ఒక్క వారం.

ఆదివారం యథాప్రకారం గుడ్లత్త తమ్ముడి షెడ్డుకు వెళ్ళింది. గుడ్ల అట్టలు ఎత్తించుకోవడం వంక. తమ్ముడి ముందు కూర్చుని హాచ్చిగారిని తిట్టుకోవడం అసలు పని. షెడ్డులో కొత్త రంపపు పొట్టు పరిచి ఉంది. కోళ్ళు పోచుకోలు కబుర్లలో ఉన్నాయి.

"దారిలో అన్ని షెడ్లలోనూ కోళ్ళు ఖంగుఖంగున దగ్గుతున్నాయేంట్రా," అంది గుడ్లత్త. "నీవి మాత్రం అత్తారింటికి వచ్చిన అల్లుళ్ళలా తిరుగుతున్నాయి."

తమ్ముడు మీసం మీద చేయి వేశాడు. ఆ మీసం మీద చేయి పడిందంటే ఏదో గొప్ప పని చేసి వచ్చాడన్నమాట. చిన్నప్పుడు బావిలో పడ్డ బిందెను తీయడానికి ఇంకో బిందె వేసినప్పుడూ అలాగే చేయి వేశాడు.

"ఎనిమిది నెలలైందక్కా. ఒక్క కోడి తుమ్మితే ఒట్టు. ఫ్లూ మీద పని చేసే ల్యాబ్‌కి ఇచ్చే గుడ్లు! తుమ్మే కోడి గుడ్డు పంపితే నీ పరువేం కావాలి?"

"ఏం చేశావు?"

"ఏం చేశానేంటి, నువ్వు చెప్పిందే చేశా," అని షెడ్డు మూల డ్రమ్ము మీద ఉన్న డబ్బా తెచ్చాడు. డబ్బాలో తెల్లటి పొడి. "దాణా కొట్టువాడినడిగితే ఇచ్చాడు. మనుషులకి పనిచేయడం మానేసిందట, అందుకని కోళ్ళకి అమ్ముతున్నారు. రోజూ నీళ్ళలో చెంచాడు."

డబ్బా మీద అంటించిన కాగితం మీద చేత్తో రాసిన పేరు గుడ్లత్త చదివింది. ఆమెకు ఆ పేరు తెలుసు. ఆ షెడ్డులో ఆ పేరును మొదటిసారి పలికిన నోరు కూడా ఆమెకు తెలుసు.

ఆమె పక్కనున్న బస్తా మీద కూలబడింది. బస్తా వెనక నిద్రపోతున్న పిల్లి అరిచి పారిపోయింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు కోళ్ళకి తాగించిన మందు గుడ్డులోకి రాదట్రా?"

"వస్తే మంచిదేగా! గుడ్డు లోపల కూడా ఆరోగ్యం."

"ఆరోగ్యమా! ఆ గుడ్డులో వైరస్ పెంచాలిరా దరిద్రుడా! సాక్షి గుడ్డులో మందు ఉండకూడదురా! పైన పిల్ల మందు వేయకపోయినా కింద నీ కోడి వేసి పంపుతోంది!"

గొడవకు మరదలు బయటికొచ్చింది. విషయం విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను ముందే చెప్పా వదినా. కోళ్ళు దగ్గింది దుమ్ముకి. నేను పాత పొట్టు ఎత్తిపారేసి కొత్తది పరిచిన రెండో రోజే తగ్గాయి. ఈయన మూడో రోజు మందు తెచ్చి, అంతా నా మందు మహిమే అని ఊరంతా చెప్పుకున్నాడు."

"పొట్టుతో దగ్గు తగ్గుతుందా ఎక్కడైనా?" అన్నాడు తమ్ముడు.

"మరి మీ గొప్పలతో తగ్గుతుందా?"

గుడ్లత్తకు వాళ్ళ మాటలు వినబడటం లేదు. ఆమె కళ్ళ ముందు ఒక కాగితం ఊగుతోంది. ప్రతి వారం గుడ్లతో పాటు ల్యాబ్‌కు వెళ్ళాల్సిన కాగితం. అందులో ఏడు ప్రశ్నలు. కోళ్ళు దగ్గాయా, తుమ్మాయా? ఏదైనా మందు వాడారా? దాణా మార్చారా? ఇలాంటివి. వెళ్ళి, కోళ్ళ యజమానిని అడిగి, జవాబు రాయాలి. తమ్ముణ్ణి అడగడమేంటి, తన తమ్ముడి కోళ్ళ సంగతి తనకు తెలియదా అని, ప్రతి సోమవారం తన గదిలోనే కూర్చుని ఏడింటికీ 'లేదు' దగ్గర టిక్కు పెట్టేసేది. కింద హాచ్చిగారి సంతకం ఎలాగూ ఉండేది.

తన నోట్లోంచి జారిన మాట తమ్ముడి చెవిలో సగం పడి, కోడి కడుపులోకి పోయి, గుడ్డులోకి దిగి, చివరికి ఆ పిల్ల మెడకు చుట్టుకుంది. మధ్యలో దాన్ని ఆపగలిగిన చోటు ఒక్కటే. ఆ చోట తాను టిక్కు పెట్టింది.

"అక్కా, ఎవరికీ చెప్పకు," అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "రేపట్నుంచి మందు ఆపేస్తా. ఎవరికి తెలుస్తుంది? నా గుడ్లు మానేస్తారు. నీ ఉద్యోగం కూడా పోతుంది."

"పోతుంది," అంది గుడ్లత్త.

"ఆ పిల్ల మనకేమన్నా చుట్టమా?"

గుడ్లత్త డబ్బా మూత బిగించి సంచిలో వేసుకుంది. "నిజమేరా, చుట్టం కాదు. చుట్టమైతే ఇంత నమ్మేది కాదు నన్ను."

తిరుగు దారిలో ఆమె బస్సు రెండు స్టాపుల ముందే దిగింది. అక్కడ కోడిపిల్లల్ని పొదిగించి అమ్మే పెద్ద కేంద్రం ఒకటి ఉంది. వాళ్ళ దగ్గర ఒక రోజు గుడ్డు నుంచి ఇరవై రోజుల గుడ్డు దాకా అన్నీ ఉంటాయి. పది రోజులు పొదిగిన గుడ్లు పాతిక కావాలని అడిగి, అక్కడి మనిషి ముందు ఏడు ప్రశ్నల కాగితం విప్పింది. పద్నాలుగేళ్ళలో ఆ ప్రశ్నలు పైకి చదవడం ఆమెకు అదే మొదటిసారి.

"కోళ్ళు దగ్గాయా, తుమ్మాయా?"

"రెండు తుమ్మాయి. దుమ్ము."

"మందేమన్నా వాడారా?"

"తుమ్మితే మందెందుకమ్మా? మీరు తుమ్మితే వాడతారా?"

"మా ల్యాబ్‌లో అదే పని," అంది గుడ్లత్త, జవాబు రాసుకుంటూ.

సోమవారం పొద్దున బక్కపిల్ల రాగానే గుడ్లత్త తన గదిలోకి లాగి తలుపు వేసింది. డబ్బా బల్ల మీద పెట్టింది. దాచకుండా అంతా చెప్పింది. తమ్ముడు, తన నోరు, తన టిక్కు. బక్కపిల్ల డబ్బా వైపు చూసింది, గుడ్లత్త వైపు చూసింది. కోపం రావాలి. రాలేదు. ముందు నవ్వొచ్చింది. నవ్వుతుంటే అప్పుడొచ్చాయి, శుక్రవారం రావలసిన ఏడుపులన్నీ.

"నన్ను తిట్టాలంటే తిట్టు," అంది గుడ్లత్త. "కానీ త్వరగా తిట్టు. గుడ్లకు పదకొండో రోజు వచ్చేస్తోంది."

"అత్తా, ఇది చెప్తే మిమ్మల్ని ఉంచరు."

"అది శుక్రవారం సంగతి. చెప్పడం తేలిక పిల్లా. నేను చెప్తే ఆయన నమ్ముతాడా? గుడ్లు కడిగే మనిషికి సైన్సేం తెలుసు అంటాడు. గుడ్ల చేతే చెప్పించాలి."

బక్కపిల్ల ముక్కు తుడుచుకుంది. అంతే, మనిషి మారిపోయింది. డీప్ ఫ్రిజ్‌లోంచి మొదటి రోజు నాటి వైరస్, ఇంకా మందుకు భయపడే పిరికి వైరస్ సీసా తీసింది. తమ్ముడి గుడ్లు ఇరవై, కేంద్రం గుడ్లు ఇరవై. గుడ్లత్త ఒక్కొక్కటీ దీపానికి ఆనించి, గంతులేస్తున్న వాటినే ఏరి, తమ్ముడి వాటికి ఒక గీత, రెండో వాటికి రెండు గీతలు గీసింది. బక్కపిల్ల అన్నిటికీ ఒకే సీసాలోంచి ఒకే కొలత పొడిచింది. మందు సీసా ఆ గదిలోకే రాలేదు. కావాలంటే చూసుకోమని, దాన్ని బీరువాలో పెట్టి తాళం గుడ్లత్త కొంగున కట్టింది.

బుధవారం గుడ్లను ఫ్రిజ్‌లో పెట్టారు. గురువారం పొద్దున తెరిచి లోపలి నీళ్ళు తీశారు. ఆ నీళ్ళను చిన్న గుంటలున్న పలకలో పోసి, మీద కోడి రక్తం చుక్కలు వేయాలి. వైరస్ లేకపోతే రక్తం గుంట అడుగుకు జారి ఎర్రటి బొత్తాంలా కూర్చుంటుంది. వైరస్ ఉంటే ఆ రక్త కణాలను పట్టుకుని వేలాడుతుంది, బొత్తాం కట్టనివ్వదు, పొరలా పరుచుకుంటుంది.

అరగంట ఆగాలి. ఆ అరగంటలో గుడ్లత్త తనకు తెలిసిన సామెతలన్నీ చెప్పేసింది.

"అత్తా, కాసేపు మాట్లాడకండి."

"నేను అప్పుడు మాట్లాడకుండా ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఇప్పుడు మానేస్తే ఏం లాభం?"

పలక చూశారు. రెండు గీతల గుడ్ల వరుసంతా పొర. ఒక గీత వరుసలో ఇరవైకి పదిహేడు బొత్తాలు. చక్కగా, గుండ్రంగా, ఎర్రగా, దర్జీ కుట్టినట్టు. బక్కపిల్ల చుక్క మందు కలపకపోయినా ఆ గుడ్లలో పిరికి వైరస్ పెరగలేకపోయింది. తమ్ముడి మందు గుడ్డు లోపలే కాపలా కాస్తోంది.

"మరి మిగతా మూడు?" అంది గుడ్లత్త.

"అవా?" బక్కపిల్ల ఆ మూడు గుంటల మీదకు వంగింది. "చెవిటిది దిగినట్టుంది అక్కడ."

శుక్రవారం పొద్దున. పొడుగు బల్ల, ఒక చివర హాచ్చిగారు, గోడ మీద తెర, తెర నిండా ఉత్తరం రాసిన పెద్దావిడ మొహం. హాచ్చిగారు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఫలితం ఒక విద్యార్థిని చేతి పొరపాటు అని చెప్పడానికి విచారిస్తున్నాను..."

"చేతిది కాదు సార్, నోటిది," అంది గుడ్లత్త తలుపు దగ్గర్నించి. "అది కూడా నాది."

హాచ్చిగారికి ఆమె ఇక్కడెందుకుందో అర్థం కాలేదు. ఆమె చేతిలో డబ్బా, చంకలో ఫైలు. వెనకాల బక్కపిల్ల చేతిలో పలక. పలకను పెద్దావిడకు కనబడేలా కెమెరా ముందు పెట్టింది. గుడ్లత్త నిలబడి జరిగినదంతా చెప్పింది. తమ్ముడు తెలియక చేశాడని చెప్పింది, కానీ చేయలేదని చెప్పలేదు. తాను అడగకుండా ఏడు ప్రశ్నలకు టిక్కులు పెట్టానని చెప్పింది. కోళ్ళ గురించి అబద్ధం చెప్పడం ఆమెకు అంత చిన్న విషయం కాదు.

పెద్దావిడ తెరకు దగ్గరగా జరిగింది. "బొత్తాలు బాగా కనబడుతున్నాయి. అమ్మాయ్, గుడ్డు నీళ్ళలో మందు ఎంతుందో కొలవగలవా?"

"పంపిస్తాను మేడమ్. మీ ల్యాబ్‌లో కూడా కొలవండి."

"పంపు. మొదటిదానికన్నా ఇదే అసలు సంగతి. కోళ్ళకు ఇలా మందు తాగించే షెడ్లు ఇంకెన్ని ఉన్నాయో! మనం గుడ్లలో చూసింది ఆ కోళ్ళలో జరిగితే ఏమవుతుందో ఆలోచించు."

హాచ్చిగారు గోడ మీది పిల్లి లాంటి మనిషి. ఎటు దూకాలో ఆయనకు క్షణంలో తెలిసిపోయింది. "నాకు మొదట్నించీ గుడ్ల మీదే అనుమానం," అన్నాడు. తర్వాత గుడ్లత్త వైపు తిరిగాడు. "కానీ ఇది క్షమించరాని నిర్లక్ష్యం. ఏడు నెలల పని మట్టిపాలైంది. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా."

గుడ్లత్త తలూపింది. ఆదివారమే ఆ మాట తనకు తాను చెప్పుకుంది కాబట్టి ఇప్పుడు కొత్తగా తగల్లేదు. ఫైలు బల్ల మీద పెట్టింది. "ఇవి కాగితాలు సార్. ఈ ఏడాదివి అన్నీ ఉన్నాయి, లెక్క చూసుకోండి."

ఫైలు పాతది, దారం వదులైంది. కాగితాలు బల్ల మీద జారి పరుచుకున్నాయి. ప్రతిదాని మీదా ఏడు టిక్కులు, కింద 'జవాబులన్నీ స్వయంగా సరిచూశాను' అన్న అచ్చు ముక్క, దాని కింద హాచ్చిగారి సంతకం, తోక మెలితిరిగిన పెద్ద సంతకం.

"అవేంటి, ఆ చివరివి?" అంది పెద్దావిడ తెర మీద నుంచి. "వాటిలో టిక్కుల్లేవే?"

"అవి ఇంకా రాని వారాలవండి," అంది గుడ్లత్త. ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు. అడిగారు కాబట్టి చెప్పింది. "సారుకు తీరిక ఉండదని ఏడాది మొదట్లోనే యాభై రెండు కాగితాలకూ ఒకేసారి సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. ఫోన్‌లో మాట్లాడుతూ."



"అంటే," అంది పెద్దావిడ, మాట తూచి తూచి, "రెండు నెలల తర్వాత కోళ్ళు దగ్గలేదని మీరు ఇప్పటికే స్వయంగా సరిచూశారన్నమాట."

హాచ్చిగారు చెవుల దాకా ఎర్రబడ్డాడు. గుంటలో రక్తం బొత్తాం కట్టినంత గుండ్రంగా నోరు తెరిచాడు. అందులోంచి మాట రాలేదు, తుమ్మొచ్చింది. ఈసారి నటన కాదు, నిజం తుమ్ము.

"చిరంజీవ," అంది గుడ్లత్త, అలవాటు కొద్దీ.

టిక్కు పెట్టినామెను పంపించాలంటే సంతకం పెట్టినాయన సంగతి కూడా పై ఆఫీసులో తేల్చాలి. ఆ లెక్క హాచ్చిగారు భోజనాల వేళకే వేసుకున్నాడు. సాయంత్రానికి కొత్త ఆజ్ఞ వచ్చింది. గుడ్లత్త ఉద్యోగంలోనే ఉంటుంది. కానీ ప్రతి వారం తానే షెడ్డుకు వెళ్ళి, ఏడు ప్రశ్నలూ నోటితో అడిగి, జవాబు చెప్పిన మనిషి చేత కూడా సంతకం పెట్టించాలి. బస్సు ఖర్చు ల్యాబ్‌ది. కోళ్ళ ఒంట్లోంచి మందు పూర్తిగా పోయిందని పరీక్షలో తేలేదాకా తమ్ముడి గుడ్లు వద్దు, కేంద్రం గుడ్లే. ఉపన్యాసాలు మూడూ రద్దు. బక్కపిల్ల ఉంటుంది, ఆమె రాసే కొత్త పరిశోధన వ్యాసంలో మొదటి పేరు ఆమెదే. హాచ్చిగారి పేరు కూడా ఉంది, చివర్లో. ఆ చివరి చోటే గొప్పదని ఆయన అందరికీ వివరించాడు.

తమ్ముడు రెండు నెలలు అక్కతో మాట్లాడలేదు. మూడో నెలలో మాట్లాడాడు గానీ మరదలు ద్వారా. "వదినా, మీరు బాగున్నారా అని ఈయన అడగమన్నాడు. మీ గొంతు వినబడేలా ఫోన్ ఇటు పెట్టమన్నాడు, అది చెప్పొద్దన్నాడు." నాలుగో నెలలో పరీక్ష బాగానే వచ్చింది. గుడ్లలో మందు జాడ లేదు.

ఆ ఆదివారం గుడ్లత్త షెడ్డు ముందు నిలబడింది. సంచిలోంచి కాగితం తీసింది, కళ్ళజోడు పెట్టుకుంది, గొంతు సవరించుకుంది. తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీసం మీద చేయి వేయలేదు.

"కోళ్ళు దగ్గాయా, తుమ్మాయా?"

"అక్కా, నీకు కనబడటం లేదా..."

"నాకు కనబడేది ఈ కాగితం ఒప్పుకోదు. నువ్వు చెప్పు."

తమ్ముడు షెడ్డు లోపలికి చూశాడు, మరదలి వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "మూలనున్న నల్లది పొద్దున రెండుసార్లు తుమ్మింది," అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

గుడ్లత్త ఆ నల్ల కోడిని కాసేపు చూసింది. అది ఆమె వైపు తలతిప్పి, ఎవరి పరువూ పట్టించుకోకుండా ఇంకోసారి తుమ్మింది.

"మూడు," అని రాసుకుంది గుడ్లత్త. "ఇప్పుడు రెండో ప్రశ్న."